పసుపు పూసిన ర్యామ్

స్క్రూలన్నీ ఊడొచ్చాయి. క్యాబినెట్ పక్క రేకును వెనక్కి జరిపి ఎత్తగానే లోపలి దుమ్ము వాసన గుప్పుమని ముక్కుకు తగిలింది, చాలా రోజులకు సొంత ఊరి బస్సు ఎక్కినట్టు భూపేష్‌కు ప్రాణం లేచి వచ్చింది, అలా లేచి వచ్చినందుకు వెంటనే తన మీద తనకే చిరాకు వేసింది. తెర అవతల వంటింట్లో శిల్ప సంగటి గెలుకుతున్న చప్పుడు. తోటలో కాయ కోస్తున్న కూలీలకు గంప కట్టి పంపాలి, పంపి తలకు నీళ్ళు పోసుకోవాలి, మూడు గంటలకల్లా వచ్చి ఈ కుర్చీలో కూర్చోవాలి. బెంగళూరు కంపెనీ వాళ్ళు పెద్ద ఇంటి ప్లాను ఒకటి పంపుతారు, వాళ్ళు అక్కణ్ణించి చూస్తుండగా ఆమె దాన్ని దిద్ది చూపించాలి. చూపిస్తే ఉద్యోగం, బనగానపల్లె పొలిమేర కూడా దాటకుండా ఇంట్లోనే కూర్చుని చేసే ఉద్యోగం. పోయిన వారం ఒకసారి కూర్చుంది, నడిమధ్యలో కంప్యూటర్ బిగుసుకుపోయింది, వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి మెమరీ పెంచుకుని ఇంకొక్కసారి రమ్మన్నారు. ఇదే ఆఖరు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, తోట కాపలా గోపన్నకు తెలుసు, చివరికి మామిడి మండీలో కూడా తెలుసు. నిన్న అక్కడ ఎవడో కాయలు ఏరుతూ తల ఎత్తకుండానే, "ఏమప్పా, నీ భార్యకు బెంగళూరు ఉద్యోగమంట కదా, మరి నువ్వేం చేస్తాండావు?" అన్నాడు. ఊరికే అన్నాడు. ఊరికే అన్న మాటే లోపల దిగబడి కూర్చుంటుంది, కావాలని అన్నవాణ్ణయితే తిరిగి నాలుగు తిట్టి మర్చిపోవచ్చు.

నేనే వేస్తానని మీద వేసుకున్నది తనే. కొత్త ర్యామ్ పార్శిల్ వచ్చిన పూట శిల్ప ఆ అట్టపెట్టెను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని, "ఎక్కించేది శానా సులభమంట, వీడియోలో చూసినా, నేనే ఎక్కించుకుంటా" అంది. అందులో తప్పేం లేదు, తప్పు లేకపోవడమే తప్పు. కర్నూలులో హార్డ్‌వేర్ కోర్సు చదివినవాడు, ఊళ్ళో కంప్యూటర్ల షాపు నడిపినవాడు, మొగుడు, ఎదురుగా నిలబడి ఉన్నాడు, వాణ్ణి వదిలిపెట్టి ఆమె వీడియోను నమ్ముకుంది. ఈ ఇంట్లో పట్టకారు, పానా, నిచ్చెన మగవాళ్ళ సొత్తు, ఫ్యూజు పోతే ఆడవాళ్ళు చీకట్లో కూర్చుంటారు తప్ప ముట్టుకోరు. "నువ్వు పన్లు ముగించుకోపో, నేను ఏసి పెడతా" అన్నాడు. అంతటితో అయిపోయేదే. పంచలో కూర్చున్న నాయన తిమ్మయ్య వక్కాకు నములుతూ, "ఆ పిల్ల ఏసుకుంటాదిలేరా, నీకెందుకు, లారీ వచ్చే పొద్దాయ, తోటకాడికి పో" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో. పాల గిన్నె దగ్గరికి వచ్చిన పిల్లిని కూడా అంతకంటే గట్టిగానే అదిలిస్తాడు.

నాయనకు కోడలంటే దేవత. పోయిన దసరాకు తెలిసింది అది. ఆయుధపూజ నాడు ఈ ఇంట్లో మొదటి బొట్టు ఇంటికి అన్నం పెట్టేదానికి పెడతారు, తాత కాలంలో మడకకు, భూపేష్‌కు ఊహ తెలిసినప్పటి నుంచీ ట్రాక్టరుకు. ట్రాక్టరు, దాని పక్కన మోటారు, మందు కొట్టే డబ్బా, కొడవళ్ళు, కాటా, అన్నీ కడిగి వాకిట్లో వరసగా పెట్టి, టెంకాయ చేతిలో పట్టుకుని ట్రాక్టరు ముందు నిలబడ్డాడు భూపేష్, ప్రతి ఏడూ ఆ టెంకాయ కొట్టేది అతనే. తిమ్మయ్య పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని ట్రాక్టరు దాకా వచ్చాడు. ఒక్క క్షణం ఆగాడు. దాన్ని దాటుకుని, మెట్లెక్కి, లోపలికి పోయి, ఈ కంప్యూటర్ డబ్బాకు పెట్టాడు మొదటి బొట్టు. వాన పడని ఏడు, పూత రాలిపోయిన ఏడు, శిల్ప దీని మీద గీసిన ఇళ్ళ బొమ్మలతోనే బియ్యం మూట వచ్చిందని ఊరంతా తెలుసు, అయితే మాత్రం ఇంట్లో ఉన్న సంగతిని పళ్ళెంలో పెట్టి ఊరేగించాలా? వాకిట్లో ఇరుగుపొరుగు ఉన్నారు. టెంకాయ తన చేతిలోనే ఉండిపోయింది. ఎక్కడ కొట్టాలో ఎవరూ చెప్పలేదు, చివరికి గడప రాయి మీద కొట్టాడు, అది కూడా సరిగ్గా పగల్లేదు.

కిటికీ ఊచను ఒకసారి ముట్టుకున్నాడు. లోపలి సామాను ముట్టే ముందు ఇనుము ముట్టాలి, ఒంట్లో ఉన్న కరెంటు దిగిపోవాలి, ఈ సీమ ఎండలకు గాలిలో తడి ఉండదు కాబట్టి ఇక్కడివాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, కర్నూలులో నేర్పిన అయ్యవారు పదే పదే చెప్పేవాడు. చేతికి అన్నీ గుర్తున్నాయి. ఫ్యాను రెక్కల మీది దుమ్మును బ్రష్షుతో ఊడ్చాడు, వైర్లను పక్కకు తప్పించాడు, మదర్‌బోర్డు మీద పాత ర్యామ్ ఒక స్లాటులో నిలబడి ఉంది, పక్క స్లాటు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. అబ్బా, ఈ పని ఎంత బాగా వచ్చు తనకు. బస్టాండు రోడ్డులో షాపు పెట్టిన కొత్తలో జనం కంప్యూటర్లను ఆసుపత్రికి తెచ్చినట్టు తెచ్చేవాళ్ళు, తను బల్ల వెనక కూర్చుని వాళ్ళ మొహాలు చూసేవాడు. కూకూమని అరిచి తెర నల్లగా ఉండిపోయిందంటే సగం జబ్బులకు ఒకటే కారణం, ర్యామ్ అంచున దువ్వెన పళ్ళలాగా బంగారు రంగు గీతలుంటాయే, వాటికి మురికి పట్టి ఉంటుంది. పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో నాలుగు రుద్దులు రుద్దితే మళ్ళీ కొత్తదే. ఆ నాలుగు రుద్దులూ వెనక గదిలో రుద్ది, బయటికి వచ్చి మొహం వేలాడేసి, "కాలిపోయింది సార్, కొత్తది ఎయ్యాల" అనేవాడు. కాలిపోయింది. ఎంత మంచి మాట అది. దాని తర్వాత ఎవరూ ఏమీ అడగరు, చావు కబురు విన్నట్టు తల ఊపుతారు. స్కూలు అయ్యవారు రంగన్న అయితే రెండు చేతులూ జోడించి మొక్కి పోయాడు, తొందరగా బాగుచేసిచ్చావు నాయనా అని. ఆ రంగన్నే, తీసేసిన ముక్కను ఊరికే గుర్తుగా ఉంచుకుని ఎవరికో చూపించాడంట, వాళ్ళు పెట్టి చూస్తే అది శుభ్రంగా పనిచేసిందంట. వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు, షాపు మెట్టు మీద కూర్చుని వచ్చినవాళ్ళకు వచ్చినట్టు నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. షాపు మూతపడింది ఫోన్ల వల్ల, అందరూ ఫోన్లు కొని కంప్యూటర్లు మానేయడం వల్ల, అని భూపేష్ ఇప్పటికీ చెబుతాడు. చెప్పగా చెప్పగా అతనికి కూడా అదే నిజం.

ఈ కథ శిల్పకు తనే చెప్పాడు, పెళ్ళయిన కొత్తలో, మిద్దె మీద వెల్లకిలా పడుకుని, తన తెలివికి ఆమె నవ్వుతుందని. ఆమె నవ్వలేదు. "ఆ సారు మళ్ళా కనపడలేదా?" అంది. కనపడితే ఏం, కనపడకపోతే ఏం? నవ్వాల్సినప్పుడు నవ్వలేదు, నవ్వకూడని చోట నవ్వింది. వేంపల్లెలో ఆమె చిన్నాయన ఇంట్లో బిడ్డకు పేరు పెట్టినప్పుడు, బంతిలో అందరూ భోంచేస్తుండగా, ఎవరో అల్లుడు ఏం చదివినాడు అని అడిగితే, "మా ఆయన కంప్యూటర్ డాక్టరు, అన్ని రోగాలకూ మందు ఒకటే, రబ్బరు!" అంది. విస్తరి ముందున్నవాళ్ళంతా పొలమారేలా నవ్వారు. తనూ నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని. ఆ నవ్వు మొహం మీద అట్లాగే అతుక్కుపోయి, ఇంటికొచ్చి కడుక్కునేదాకా పోలేదు. ఆమెకు గుర్తు కూడా ఉండదు. గుర్తుంచుకునే పని ఎప్పుడూ దెబ్బ తిన్నవాడిదే, అందులోనూ భూపేష్ దాన్ని రోజూ తడుముకుని ఆరిపోకుండా చూసుకుంటాడు.

కొత్త ముక్క దేవుడి గూట్లో ఉంది. పొద్దున అమ్మ రామలక్ష్మమ్మ దాన్ని తీసుకుపోయి పెట్టింది. కొత్త వస్తువు ఏది ఇంటికి వచ్చినా బొట్టు పెట్టకుండా వాడనివ్వదు, గ్యాసు స్టవ్వు, కుక్కరు, చివరికి ఎలుకల బోను అయినా సరే. అట్టపెట్టెకు పెట్టి ఇచ్చేయమంటే ఒప్పుకోలేదు, అట్టపెట్టెకు పెడితే అట్టపెట్టెకే కదా మంచి జరిగేది అంది, లోపలి ప్లాస్టిక్ విప్పించి మరీ ముక్కను చేతిలోకి తీసుకుంది. భూపేష్ పోయి చూశాడు. ఇత్తడి తట్టలో, రెండు కనకాంబరాల మధ్య, అమ్మవారి పటం ముందు పడుకోబెట్టి ఉంది. చేతిలోకి తీసుకుని తిప్పి చూసి నవ్వాపుకోలేకపోయాడు. బంగారు పళ్ళ వరస ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, రెండు వైపులా, గడపకు పూసినట్టు తడి పసుపు దట్టంగా పూసి, మధ్య మధ్య కుంకుమ బొట్లు పెట్టింది, పసుపు ఎండి పెళుసెక్కింది. అమ్మకు ఒక కంట్లో పొర, చేత్తో తడుముకుని చేసి ఉంటుంది, అయినా గీత ఎక్కడా వంకర పోలేదు.

"అమ్మా, ఏందిది?" అని అరిచాడు.

పెరట్లో బియ్యం చెరుగుతున్న రామలక్ష్మమ్మ అక్కణ్ణించే సంబరంగా బదులిచ్చింది. "అంచుకు బంగారం మాదిరి ఉండాది కదరా! లక్ష్మి ఆడ్నే ఉంటాది, దానికే పూసినా. పిల్లకు మంచి జరగల్ల."

ఈ పసుపుతో పెడితే చచ్చినా పనిచేయదు. పసుపు గీరేస్తే నిక్షేపంగా పనిచేస్తుంది. ఇంత చిన్న సంగతి, దీనికి చదువు కూడా అక్కర్లేదు. శిల్ప బల్ల మీద, ఆమె కాగితం మీద ముందుగా గీసుకునే పెన్సిళ్ళ పక్కన, తెల్ల రబ్బరు ఉంది. తీసుకున్నాడు. కుర్చీలో కూర్చుని, ముక్కను మోకాలి మీద గుడ్డ మీద పెట్టుకుని, ఒక చివర నుంచి రుద్దడం మొదలుపెట్టాడు. పసుపు పొట్టు పొట్టుగా రాలింది, కింద బంగారం తళుక్కుమంది, మూడో పన్ను, నాలుగో పన్ను, వేళ్ళకు ఆ పాత ఊపు దొరికింది, ఇదిగో ఇంత బాగా చేస్తాను నేను, ఇది పెట్టి, మీట నొక్కి, తెర వెలిగాక ఆమెను పిలుస్తాను, వచ్చి చూస్తుంది, ఆమె మొహం ఎట్లా ఉంటుందో చూస్తాను, నాయనను కూడా పిలుస్తాను, అని ఒక చిన్న సంతోషం, నిజమైన సంతోషమే, కడుపులోంచి పైకి వస్తూ ఉంది. అప్పుడు వంటింటి తెర అవతల శిల్ప ఫోనులో ఎవరితోనో, వాళ్ళ అక్కతో అయి ఉంటుంది, "ఆయనే ఏస్తాండాడు... ఊ... డాక్టరే కదా!" అంటూ నవ్వింది. మంచిగానే అన్నట్టు ఉంది, గొంతులో గారం కూడా ఉంది. ఉంటే ఏమిటి? ఆ మాట ఆ మాటే. వేంపల్లె విస్తర్లు, పొలమారిన నోళ్ళు, గడప రాయి మీద పగలని టెంకాయ, అన్నీ ఒక్కసారిగా గదిలోకి వచ్చి కూర్చున్నాయి.

చేయి ఆగింది. తను ఆపలేదు, అదే ఆగింది, అనుకున్నాడు. నేనేమీ చెయ్యడం లేదు కదా, అనుకున్నాడు. పసుపు నేను పూశానా? కంప్యూటర్ నేను చెడగొడుతున్నానా? సుత్తి తీసుకుని కొడితే అది చెడ్డతనం, నీళ్ళు పోస్తే అది చెడ్డతనం. ఒక పని చెయ్యకుండా ఊరికే కూర్చుంటే అది కూడా తప్పేనా, ఈ ఇంట్లో అందరూ అనేది అదే కదా, భూపేష్ ఊరికే కూర్చుంటాడు అని? సరే, కూర్చుంటాను. ఆ మాట అనుకోగానే ఒంటికి చల్లటి గాలి తగిలినట్టయింది. ఉద్యోగం రాకపోతే ఏమవుతుంది, ఆకలితో చస్తారా ఎవరైనా, మునుపటిలాగే ఉంటుంది, శిల్ప మునుపటిలాగే చిన్నా చితకా బొమ్మలు గీసుకుంటుంది, మండీలో అడిగేవాడు అడగడు, దసరాకు నాయన పళ్ళెం పట్టుకుని ట్రాక్టరు దగ్గర ఆగుతాడు. అమ్మను ఒక మాట అంటారు. అంటే అన్నారు, ముసలామెను ఎవరు ఏం చేస్తారు, రెండు రోజులు ఏడ్చి మర్చిపోతుంది. అమ్మ సంగతి దగ్గర కొంచెం ఆగింది మనసు, నిజం చెప్పాలంటే ఆగింది, పొద్దున పిల్లకు మంచి జరగాలన్నప్పటి ఆ గొంతు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా చేయి కదల్లేదు. మనిషిని చెడగొట్టడానికి పెద్ద ద్వేషం కావాలంటారు గానీ, అంత అవసరం లేదు, కాస్త కడుపుమంట, కుర్చీలో కాస్త తీరిక ఉంటే చాలు.

ముక్కను అట్లాగే, పసుపుతోనే, ఖాళీ స్లాటులో నిలబెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. టక్, టక్, రెండు వైపులా కొక్కీలు పడ్డాయి. ఆ చప్పుడు ఎప్పుడు విన్నా ఇష్టమే. మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది, తెర నల్లగా ఉంది, డబ్బా కూకూమని, మళ్ళీ కూకూమని అరిచింది. అమ్మయ్య, అనిపించింది అతనికి, ఎక్కడ పనిచేస్తుందో అని భయపడినట్టు. వంటింటి తెర కదిలింది. రబ్బరు చొక్కా జేబులోకి పోయింది.

శిల్ప తల తుడుచుకుంటూ వచ్చింది, కొత్త చీర, నుదుటి మీద నీటి చుక్కలు. "ఏం, కూస్తాంది?" అంది.

"అమ్మను అడుగు" అన్నాడు.

స్లాటులోంచి ముక్క తీసి, ఎండిన పసుపు కనబడేలా ఆమె ముందు పట్టుకున్నాడు. ఆమె చూసింది, ఒక్క క్షణంలో అర్థం చేసుకుంది, బల్ల మీదికి చేయి చాచింది. "రబ్బరుతో తుడిస్తే పోదూ? ఈడ్నే పెట్టింటి కదా, యాడ పోయిందో..."

ఆ మాట ఆమె నోట రాగానే భూపేష్‌కు మిగిలిన కాస్త జాలి కూడా ఆవిరైపోయింది. "స్లాటే కాలిపోయినాక రబ్బరేం చేస్తాది? పసుపు లోపలికి దిగి కాలిపోయింది. బోర్డే మార్చల్ల" అన్నాడు. ఎన్నో ఏళ్ళకు ఆ మాట నోట్లోకి వచ్చింది, కాలిపోయింది, పాత చెప్పులో కాలు పెట్టినంత సుఖంగా ఉంది. పెరటి గుమ్మంలో రామలక్ష్మమ్మ చేట పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో.

"నేను పెట్టిన బొట్టుకా రా?" అంది.

కాదు అనడానికి రెండు అక్షరాలు చాలు. "బొట్టుకే" అన్నాడు, దానికి మూడు పట్టాయి.

చేట కింద పడి బియ్యం చెదిరాయి. ముసలామె గుమ్మంలోనే కూలబడి రెండు చేతులతో తల కొట్టుకుంది, "నా చేతులు ఇరిగిపోనూ, నా చేతులు పడిపోనూ" అని, ఏడుపు కూడా సరిగ్గా రాక. పంచలోంచి తిమ్మయ్య వచ్చి సంగతి విని, "ముసల్దానా, నిన్నెవురు ముట్టమన్నారే? కళ్ళు కనపడవు, అన్నీ నీకే కావల్ల" అని కసిరాడు, కసిరి కొడుకు వైపు తిరిగి, "పోనీలేరా, నువ్వేం చేస్తావు" అన్నాడు. నువ్వేం చేస్తావు! చాలా ఏళ్ళకు నాయన తన పక్కన నిలబడ్డాడు. శిల్ప మాత్రం బియ్యం మీద నడవకుండా దాటుకుని పోయి అత్త చేతులు రెండూ పట్టుకుంది, కొట్టుకోకుండా. "ఏం కాదులే అత్తా, పాతదాంతోనే కూచుంటా. మంచికే చేసినావు నువ్వు" అంది. అలా అంటూ ఉండగానే గోడ గడియారం చూసింది.

పాతదాంతోనే కూర్చుంది. భూపేష్ వెనక నిలబడ్డాడు, ఎవరూ పొమ్మనలేదు కాబట్టి. ఆమె పని చెయ్యడం అతను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. గోడలు గీతలు గీతలుగా లేస్తున్నాయి, తలుపులు తెరుచుకుంటున్నాయి, ఆమె చేయి మౌసు మీద పిట్ట గింజలేరుకున్నట్టు అటూ ఇటూ తిరుగుతూ ఉంది, స్పీకర్లో బెంగళూరు మేడమ్ "గుడ్, గుడ్" అంటూ ఉంది, ఒక దశలో భూపేష్ కూడా మర్చిపోయి, అరే, ఎంత బాగా చేస్తుందే అనుకున్నాడు. అప్పుడు పై అంతస్తు తెరవమన్నారు. తెర మీద చిన్న గుండ్రటి చక్రం ఒకటి పుట్టి తిరగడం మొదలుపెట్టింది. శిల్ప మౌసు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తిరిగింది, తిరిగింది, గదిలో అందరూ దానికేసే చూస్తున్నారు, రామలక్ష్మమ్మ గుమ్మంలోంచి కనబడని కంటితో కూడా చూస్తోంది, దేవుడికి ఏదో మొక్కుకుంటోంది, పెదాలు కదులుతున్నాయి. తిరిగే చక్రం ఆగిపోయింది, దానితో పాటు తెర కూడా. మేడమ్ ఒకసారి పిలిచింది, రెండోసారి పిలిచింది, తర్వాత ఎంతో మర్యాదగా, నీ పని బాగుందమ్మా, కానీ మేము ఇంక ఆగలేం, వేరేవాళ్ళకు ఇస్తున్నాం అంది. "థాంక్యూ మేడమ్" అంది శిల్ప. కొత్త చీర మార్చుకుని, పోయి కూలీల గిన్నెలు తోముకుంది.

ఆ పూట భూపేష్ సంగటి రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. తోటకు పోయి లారీ ఎక్కించాడు, కూలీలను పేరు పెట్టి పిలిచి పలకరించాడు, గోపన్న, "ఏమప్పా, శానా కుశాలుగా ఉండావే" అన్నాడు. ఇంటికి వచ్చేసరికి దీపాల వేళయింది. చెమట చొక్కా విప్పి దండెం మీద పడేసి, స్నానానికి పోయాడు, ఒంటి మీద నీళ్ళు పోసుకుంటూ ఏదో కూనిరాగం కూడా తీశాడు. తుడుచుకుంటూ బయటికి వస్తే, బట్టలుతికే బండ దగ్గర శిల్ప నిలబడి ఉంది. చేతిలో తన చొక్కా. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రగా తిరుగుతుంది, బట్టలుతికే ప్రతి ఆడదానికీ తెలుసు, ఒక్కసారి కూడా ఉతకనివాడికి తెలియదు. జేబు మీద అరచేయంత మేర రక్తం కారినట్టు ఎర్రటి మరక. రెండో చేతిలో రబ్బరు, ఒక మూల అరిగి, పచ్చగా.

ఆమె అరవలేదు. దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడనంత మెల్లగా, "రంగన్న సారుకు కూడా ఇట్లే చెప్పినావు కదా" అంది. రబ్బరును అతని తడి చేతిలో పెట్టింది. "పో. తుడువు."

లుంగీతోనే పోయి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడింది. ముక్క పళ్ళన్నీ తుడిచాడు, రెండు వైపులా, పొద్దున ఆగిన చోటి నుంచి చివరిదాకా, పసుపు పొట్టు ఒళ్ళోకి రాలుతుంటే ఒకసారి కూడా తల ఎత్తలేదు. టక్, టక్. మీట నొక్కగానే తెర భగ్గున వెలిగింది, పై అంతస్తు ప్లాను రెప్పపాటులో తెరుచుకుంది, గదులు, మెట్లు, గుమ్మాలు, అన్నీ. ఆ వెలుతురుకు రామలక్ష్మమ్మ గోడ పట్టుకుని వచ్చింది, ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

"బాగయ్యిందా? కాలిపోయిందంటివి కదరా?" అంది.

శిల్ప అతని వైపే చూస్తోంది.

"ఏదో చేసినాలే" అన్నాడు భూపేష్.

ముసలామె మొహం విచ్చుకుంది. "నా బంగారు కొడుకు! నేను చెడగొడితే నువ్వు బాగు చేసినావా? నీ చేతిలో ఏముండాదో గానీ" అంటూ దేవుడి గూటి దగ్గరికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది, చచ్చి బతికిన వస్తువు కదా, బొట్టు పెట్టాలి. వేలు కుంకుమలో ముంచి డబ్బా మీదికి చాచింది. మధ్యలో ఆగిపోయింది. వేలి వంక చూసుకుంది.

"వద్దులే. నా చెయ్యి మంచిది కాదు."

శిల్ప ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని మొహం పైకెత్తింది. "నాకు పెట్టు అత్తా. దానికొద్దు, నాకు పెట్టు" అంది.

రామలక్ష్మమ్మ కోడలి నుదురు చూసింది. పెట్టనా వద్దా అన్నట్టు కొడుకు వైపు తిరిగింది, వాడికి తెలుసు కదా ఏం పెడితే ఏం కాలిపోతుందో. భూపేష్ వంగి క్యాబినెట్ రేకుకు స్క్రూలు బిగిస్తున్నాడు. ఆఖరి స్క్రూ ఎప్పుడో బిగిసింది, అయినా తిప్పుతూనే ఉన్నాడు. ముసలామె కాసేపు చూసి, వేలికి ఉన్న కుంకుమను కొంగు లోపలి వైపు తుడుచుకుని, భరిణె మూత పెట్టేసింది.